పక్క మంచానికి మాత్రమే

నమోదు 1

మొదటి నమోదులో చివరి రోజును ఉన్నదున్నట్టు రాయాలని నిబంధన. రాస్తున్నాను.

ఆ రోజు నేను వాదించే కమిషన్‌కు సెలవు. తెల్లవారకముందే ఆసుపత్రికి వెళ్లాను. నా భార్య హైమవతి మెలకువగానే ఉంది. కిటికీ తెరవమంది. ఆ వార్డులో కిటికీలు తెరుచుకోవు. బయటి వేడి రాకుండా బిగించేశారు. అదే చెప్పాను. "సర్లెండి" అంది. తల దువ్వమంది. దువ్వడానికి జుట్టు పెద్దగా లేదు. పక్క మంచం మీదున్న నూకరత్నంగారు, "మధ్యపాపిడి తియ్యండి బాబూ, పక్కపాపిడి ఆవిడకి నప్పదు" అన్నారు. హైమవతి నవ్వింది. పాపిడి మార్చాను.

ఎండ సైరన్ మోగాక కింద క్యాంటీన్‌కు వెళ్లి ఇడ్లీ తిన్నాను. పైకి వచ్చేసరికి నూకరత్నంగారు తన మంచం దిగి, హైమవతి పాదం పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఇప్పుడే బాబూ" అన్నారు.

తలాపున గోడకున్న తోడు పెట్టె దీపం ఇంకా వెలుగుతోంది. రోగితో మాట్లాడడానికి ప్రతి మంచానికీ అలాంటిదొకటి ఉంటుంది. నర్సు దాన్ని ఆపింది. గాజులు, చెప్పులు, దుప్పటి నా చేతికిచ్చారు. పెట్టె సంగతి నేను అడగలేదు. మనుషుల మాటలు కంపెనీల దగ్గర ఎంతవరకు ఉండవచ్చో వాదించడమే నా వృత్తి. అయినా అడగలేదు.

పోయినవాళ్లు పెట్టెతో అన్న మాటలను ఉంచాలా, చెరపాలా అన్నది వారసుడు ఆరు నెలల గడువులోగా కమిషన్‌కు చెప్పాలి. చెప్పేదాకా ఇలా రాస్తూ ఉండాలి. కమిషన్ దీన్ని చదవదు, రాశామా లేదా అని మాత్రం చూస్తుంది. దుఃఖంలో ఎవరూ తొందరపడకూడదని పెట్టిన నిబంధన. గడువు దాటినా నోరు విప్పకపోతే మాటలు కంపెనీవి అవుతాయి.

నమోదు 2

మేడ మీద సౌరపలకలకు పట్టిన ఉప్పు తుడిచాను. సముద్రం జగన్నాథపురం వీధుల్లోకి వచ్చినప్పటి నుంచి కాకినాడలో ఇది రోజూ ఉండే పని. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని హైమవతి అనేది. తడిగుడ్డతోనే తుడిచాను.

తొట్టిలో నీళ్లు పరీక్షించాలి. ఆమె నీటి సరఫరా శాఖ పరీక్షశాలలో పనిచేసి రిటైరైంది. గాజు గొట్టంలో నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి, వెలుతురుకు పెట్టి ఒక్క చూపులో చెప్పేసేది. నాకు రంగు తేడా తెలియడం లేదు. కాచి తాగుతున్నాను.

మాటలు ఉంచమనడానికి గాని, చెరపమనడానికి గాని నాకు కారణం కనిపించడం లేదు. పెట్టెతో ఆమె ఏం మాట్లాడి ఉంటుంది? మంచినీళ్లు, మాత్ర, టైమెంత. అంతే అయి ఉంటుంది.

నమోదు 3

మళ్లీ ఆఫీసు తెరిచాను. కమిషన్ తెల్లవారుజామున మొదలై ఎండ సైరన్‌కు ముగుస్తుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా వీధిలో ఎవరూ ఉండరు. కక్షిదారులు వస్తే కమిషన్ మొదలవకముందే రావాలి.

మొదట వచ్చింది నూకరత్నంగారు. చంకలో సంచి, సంచిలో తోడు పెట్టె. ఆమెకు జబ్బు నయమై ఇంటికి పంపేశారని అప్పుడే తెలిసింది. రొయ్యల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు చేసిన మనిషి. వేళ్లు ఐసుకు వంకర తిరిగాయి. ఒక్కరే ఉంటారు.

"ఫిర్యాదు ఉందండి. ఇది మారిపోయింది."

"ఏం మారింది?"

"నన్నడగడం దేనికి? మీరే వినండి."

పెట్టెను బల్ల మీద పెట్టి మీట నొక్కారు. పెట్టెలు చేసే ఆలంబన కంపెనీ గొంతే. ఏ ఇంట్లో విన్నా ఒకేలా ఉండే గొంతు.

"ఏం నూకరత్నంగారూ, ఇవాళా మజ్జిగన్నమేనా? మజ్జిగ మీకేమన్నా మేనమామా, రోజూ మర్యాద చేస్తున్నారు?"

నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను.

గొంతు ఆమెది కాదు. మాట ఆమెది. ఆ ఎత్తుకోవడం, ఎదుటి మనిషికి నవ్వు వచ్చేదాకా ఆగడం, ఆమెవి. నేను ఫైళ్లు భోజనాల బల్ల మీద పెడితే, "ఈ బల్లకి వకాల్తా ఎవరిచ్చారండీ?" అనేది. సరిగ్గా అలాగే ఉంది.

తిరిగొచ్చి కూర్చున్నాను. పెట్టె ఇంకా మాట్లాడుతోంది. "మోకాళ్లు మీవి, నడవాల్సిందీ మీరే. ఆలంబన వారి మోకాలి తైలం రెండు సీసాలు పంపమంటారా?"

"ఇదండీ" అన్నారు నూకరత్నంగారు. "మొదట్లో ఇది లేదు. మాటలే ఉండేవి. ఇప్పుడు మాట, దానెనక సీసా. ఆవిడేనాడూ నాకు సీసాలు అమ్మలేదు."

"ఆవిడంటే?"

"ఏటండి లాయరుగారూ, మీకు తెలియదా? అమ్మగారే కదండి దీనికి నేర్పింది."

నమోదు 4

నూకరత్నంగారు చెప్పింది ఇది. ఉదయం నేను కమిషన్‌కు వెళ్లిపోయాక హైమవతి పెట్టెతో పనిగట్టుకుని మాట్లాడేది. 'మీకు ఇంటి దగ్గర ఎవరూ లేరు, దీనికి నా మాట నేర్పుతాను, మీ వెంట తీసుకెళ్లండి' అన్నదట. నూకరత్నంగారు మజ్జిగ మానేదాకా పెట్టె ఊరుకోకూడదని కూడా చెప్పిందట.

"ఆ పెట్టె సమ్మతి అడిగిందండి. ఈ మాటలు ఎక్కడ వాడమంటారు అని. అమ్మగారు, పక్క మంచానికి మాత్రమే అన్నారు. నూకరత్నం ఇంటికి మాత్రమే అని కూడా అన్నారు. గట్టిగానే అన్నారు."

"సాక్షి ఎవరు?"

"నేనే."

కలం కింద పెట్టేశాను.

కాగితాలు ఎవరూ చదవరని తేలాక చట్టం మారింది. ఇప్పుడు సమ్మతి నోటితో చెప్పాలి, ఇంకో మనిషి సాక్షిగా వినాలి. వార్డుల్లో పక్క మంచాల వాళ్లే ఒకరికొకరు సాక్షులు. బంధువులు అవసరానికి ఉండరు, నర్సుకు తీరిక ఉండదు. అందరూ అలాగే కానిస్తారు, ఎవరూ తప్పుపట్టరు. కాని లాభం పొందే మనిషి సాక్షి కాకూడదు. ఆ పెట్టె నూకరత్నంగారి కోసం. సాక్షి నూకరత్నంగారు. కాబట్టి 'పక్క మంచానికి మాత్రమే' అన్న షరతు చెల్లదు.

అది చెల్లకపోతే మిగిలేది ఆసుపత్రిలో చేర్చుకున్న రోజున ఇచ్చిన సాధారణ సమ్మతి. సేవ మెరుగుపరచడానికి మాటలు వాడుకోవచ్చన్నది. దానికి సాక్షి ఉన్నాడు, ఏ లాభమూ లేనివాడు. ఆ సాక్షిని నేనే. అది చెల్లుతుంది.

ఇదంతా నూకరత్నంగారికి చెప్పాను.

"అంటే మేం ఇద్దరం ఆడాళ్లం అనుకున్నది చెల్లదు. మీరు పక్కన నిలబడి విన్నది చెల్లుద్ది."

"చట్టం ప్రకారం అంతే."

"బావుందండి మీ చట్టం."

సీసాల ప్రకటనలు ఆపించమని ఆమె ఫిర్యాదు. కేసు తీసుకున్నాను.

నమోదు 5

మంచినీళ్ల పడవ దగ్గర వరసలో నిలబడ్డాను. ముందున్న ముసలాయన మెడలో చిన్న తోడు పెట్టె. అది ఆయనతో, "గొడుగు మర్చిపోయారా? ఎండేమన్నా మీ అల్లుడా, మొహమాటపడుతుందనుకున్నారా?" అంది. ఆయన పకపకా నవ్వి నా వైపు తిరిగాడు. "ఈమధ్య దీనికి హాస్యం వచ్చిందండి. ఇంతకుముందు చెక్కలా ఉండేది."

"ఎప్పటి నుంచి?"

"రెండు మూడు నెలలై ఉంటుంది. మా వీధిలో అందరివీ ఇలాగే మాట్లాడుతున్నాయి. మా అక్కయ్యది ఇంకా గడుసు."

నా వంతు వచ్చింది. బిందెలు నింపుకున్నాను. వెనకాల ఆ పెట్టె ఆయనకు కళ్లజోడు అమ్ముతోంది.

నమోదు 6

విచారణ జరిగింది. ఆలంబన తరఫున మౌక్తిక వచ్చింది. నా దగ్గరే జూనియర్‌గా పని నేర్చుకుంది. మంచి లాయరు. హైమవతి చేతి భోజనం చాలాసార్లు తిన్నది. వాదన మొదలయ్యే ముందు బయట వరండాలో నా పక్కకు వచ్చింది.

"సార్, ఈ కేసు నాకు ఇవ్వొద్దని అడిగాను. ఒప్పుకోలేదు."

"పర్వాలేదమ్మా. నీ పని నువ్వు చెయ్యి."

చేసింది. సాక్షి చెల్లదని రెండు మాటల్లో తేల్చేసింది. నేనైనా అంతే చేసేవాణ్ని. ఒక్క ఇంట్లో ప్రకటనలు ఆపడానికి మాత్రం కంపెనీకి అభ్యంతరం లేదంది. మిగతా ఇళ్లలో యథాతథంగా కొనసాగుతాయి.

మధ్యలో, ఆ మాటతీరు పోయిన నా భార్యదని నేనే చెప్పాల్సి వచ్చింది. దాచడం కుదరదు. కమిషనర్ జుబేదా బేగంగారు కళ్లజోడు తీసి నన్ను చూశారు.

"కేదారనాథ్‌గారూ, మీ కక్షిదారుకు ఆ మాటతీరు కావాలి, ప్రకటనలు వద్దు. వారసుడిగా మొత్తం చెరిపించే హక్కు మీ చేతిలో ఉంది. ఆవిడ లాయరుగా ఉంటారా, వారసుడిగా ఉంటారా తేల్చుకోండి. రెండూ కుదరవు."

"ఒక్క ఇంటికి ఉంచి తక్కినవి చెరపడానికి వీలుందా అమ్మా?"

"షరతు చెల్లితే ఉండేది. ఇప్పుడు మొత్తం ఉంటుంది, లేదా మొత్తం పోతుంది. మీ గడువు ఈ వారంతో ముగుస్తోంది."

బయటికి వచ్చాక మౌక్తిక మళ్లీ వెంట వచ్చింది. ఈసారి కొంచెం దూరంగా నిలబడింది.

"సార్, మీరు చెరిపించకపోతే రికార్డులన్నీ మీరు వినేలా ఏర్పాటు చేస్తామన్నారు మా వాళ్లు. మేడమ్ మాటలు గంటల కొద్దీ ఉన్నాయి. మీ గురించి కూడా మాట్లాడారట."

"నువ్వు విన్నావా?"

"లేదు సార్. వినలేను."

సైరన్ మోగేలా ఉంది. ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం.

నమోదు 7

వాళ్ల ఏర్పాటు లేకపోయినా, చెరిపించే ముందు వారసుడు వినవచ్చని చట్టంలో ఉంది. ఆ చట్టం వచ్చే రోజుల్లో వద్దని వాదించినవాళ్లలో నేనున్నాను. మనిషి పోగానే ఆమె దాచుకున్న మాటల మీద మొగుడికో కొడుక్కో హక్కు ఎలా వస్తుందని అడిగాం. ఓడిపోయాం.

ఇవాళ ఆ వాదనలో నాకు తప్పేమీ కనిపించలేదు. అయినా వినాలని ఉంది. అన్నం వండుకుంటూ ఆలోచించాను. పలకలు తుడుస్తూ ఆలోచించాను. నేను లేని ఉదయాల్లో ఆమె ఏం చెప్పుకుంది? నన్ను తిట్టిందా? తిట్టినా ఫర్వాలేదు. కొత్త మాట ఒకటి వినాలని ఉంది. నాకు తెలిసినవన్నీ పాతవైపోయాయి.

నమోదు 8

సాయంత్రం ఎండ తగ్గాక నూకరత్నంగారి ఇంటికి వెళ్లాను. రేవు పక్కన స్తంభాల మీద కట్టిన గదులు. కింద నీళ్లు. మెట్లు ఎక్కుతుంటేనే పెట్టె గొంతు వినిపించింది.

"ఎవరో వస్తున్నారండోయ్. మొహం కడుక్కోండి. లేదా వద్దులెండి, వచ్చినవాళ్లే అలవాటు పడతారు."

నూకరత్నంగారు నవ్వుతూ తలుపు తీశారు. "చూశారా, నా పరువు తీసేత్తంది. రండి బాబూ."

చిన్న గది. మంచం కింద తైలం సీసాలు వరసగా ఉన్నాయి. చాలావరకు మూత తీయనివి.

"ఇన్ని ఎందుకు తీసుకున్నారు?"

"అడుగుతాది. కాదనలేను. వద్దంటే, సర్లెండి, అంటాదండి. ఆ సర్లెండి వింటే ఊరుకోలేను."

ఆ మాట నాకూ తెలుసు.

నేను తాగడానికి నీళ్లు అడిగాను. గ్లాసు కోసం అలమార తెరిచారు. లోపల ఆసుపత్రి వాళ్లిచ్చిన రక్తపోటు మాత్రలు ఉన్నాయి. అట్టలు చింపలేదు. పక్కన ఆలంబన వారి చూర్ణం డబ్బా, సగం ఖాళీ.

"ఇవి వేసుకోవడం లేదా?"

"ఆ పొడి వేసుకుంటన్నాను కదండి. రెండూ ఎందుకని మానేశాను."

"ఎవరు మానమన్నారు?"

ఆమె పెట్టె వైపు చూశారు. "మానమన్లేదు. 'ఇన్నేసి మాత్రలు మింగితే అన్నానికి చోటెక్కడుంటుంది?' అంది. నవ్వొచ్చింది. మానేశాను."

హైమవతి జీవితమంతా నీళ్లలో ఏముందో చూసి, తాగండి అనో తాగొద్దు అనో నిజం చెప్పిన మనిషి. పరీక్షించకుండా ఒక్క చుక్క ఎవరికీ ఇవ్వలేదు. ఆమె నవ్వుతో ఈ పొడి అమ్ముతున్నారు.

పెట్టె ఆపమన్నాను. ఆపారు. గదిలో నీళ్ల చప్పుడు వినిపించింది.

"నూకరత్నంగారూ, దీన్ని చెరిపిస్తాను."

"సీసాల సంగతి ఆపించండి చాలు."

"మీ ఇంట్లో ఆపుతారు. పక్కింట్లో ఆపరు. అక్కడ ఇంకొకరు మాత్రలు మానేస్తారు. ఒక్క చోట ఉంచడానికి వీల్లేదన్నారు."

"మరి నాతో ఎవరు మాట్లాడతారు?"

మాత్రల అట్టను అలమారలోంచి తీసి మంచం మీద పెట్టాను.

"మీరు లాయరు కదండి. నేను మీ కక్షిదారుని. నాకు కావాల్సింది అడగాలి కదా మీరు."

"అడగాలి. అందుకే మీ కేసు వదులుకుంటున్నాను. మంచి లాయరును చూసి పెడతాను."

"అక్కర్లేదు." ఆమె సీసాలను కాలితో మంచం లోపలికి తోశారు. "చెరిపేసేవాళ్లని నేనెక్కడ ఆపగలను? ఆవిడ నాకిచ్చారు. మీకు ఇష్టం లేదు. అంతే కదా."

"అది కాదు."

"కాదంటే మీరే చెప్పుకోండి. నేను మాత్రం వినను."

లేచాను. తలుపు దగ్గర ఆగి, అడగకూడదనుకున్నది అడిగాను.

"ఆమె నా గురించి ఏమైనా చెప్పేదా?"

నూకరత్నంగారు నా వైపు తిరిగారు. కోపం తగ్గలేదు. కాని గొంతు తగ్గింది.

"నాతో అన్నవి నాతో అన్నారు బాబూ. మీతో అనాలనుకుంటే మీరు రోజూ వచ్చేవోరే కదా."

"అవును" అన్నాను.

మెట్లు దిగాను. పైన మీట నొక్కిన చప్పుడైంది. నీళ్ల మీదుగా మళ్లీ ఆ మాటలు మొదలయ్యాయి. ఏమంటోందో వినబడనంత దూరం నడిచాను.

నమోదు 9

మౌక్తికకు ఫోన్ చేశాను. రికార్డులు వినడం లేదని చెప్పాను.

"ఒక్కటైనా వినండి సార్. చెరిపేశాక మళ్లీ రాదు."

"తెలుసమ్మా. పక్క మంచానికి మాత్రమే అంది. ఆ మంచం నాది కాదు."

మౌక్తిక మాట మార్చింది. "భోజనం చేశారా సార్?" అంది. చేశానన్నాను.

నూకరత్నంగారు అక్కర్లేదన్నా వేరే లాయరును కుదిర్చాను. గడువు చివరి రోజున ఆ కొత్త లాయరమ్మాయి వచ్చి చెరపొద్దని గట్టిగా వాదిస్తుంది. వాదించాలి. గెలవదు. వారసుడి మాటే చెల్లుతుంది. ఇన్నేళ్లలో నేను ఇంత తేలిగ్గా గెలిచిన కేసు లేదు. ఇంతగా ఓడిపోవాలనిపించిన కేసూ లేదు.

హైమవతి ఇచ్చింది చట్టానికి నిలబడలేదు. దానికి ఆమె తప్పు గాని, నూకరత్నంగారి తప్పు గాని లేదు. ఇద్దరు రోగులు, ఒకరికొకరు సాక్ష్యం, అంతే. మంచి మనసుతో చేసిన పనిని కాపాడడానికి చట్టంలో చోటు ఉండాల్సింది. అలాంటిది ఒకటి రాయమని కమిషన్‌కు విన్నపం పెడతాను. అది వచ్చేసరికి నూకరత్నంగారు ఉండరేమో, నేనూ ఉండనేమో.

నమోదు 10

గడువుకు ఇదే చివరి నమోదు.

రేపు ఉదయం కమిషన్‌కు వెళతాను. జుబేదా బేగంగారు అడిగితే చెరపమని చెబుతాను. నిబంధన ప్రకారం మూడుసార్లు చెప్పాలి. చెబుతాను. అక్కడి నుంచి సైరన్ మోగేలోగా రేవుకు చేరుకుంటాను. నూకరత్నంగారి తలుపు తడతాను. అప్పటికి ఆమె పెట్టె మామూలు పెట్టె అయిపోయి ఉంటుంది. తలుపు తీయకపోవచ్చు. తీయకపోతే మెట్ల మీద నీడ ఉన్నచోట కూర్చుని, రక్తపోటు మాత్ర వేసుకున్నారా అని బయటి నుంచే అడుగుతాను. హైమవతిలా అడగడం నాకు రాదు. నాకు వచ్చినట్టే అడుగుతాను.